మా పిల్లల రీడింగులు చూడండి, మా ప్రశ్నలు వినండి: వైద్యులకు, వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, రెండు రాష్ట్రాల వైద్య మండళ్ల సభ్యులకు, మా పిల్లలకు వైద్యం చేస్తున్న పిల్లల డాక్టర్లకు, ఎండోక్రైనాలజిస్టులకు (హార్మోన్ల వైద్యులకు) నమస్కారం.

టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లల తల్లిదండ్రులం కొందరం కలిసి, మా పిల్లల షుగరు రీడింగులు చూడమని, మా ప్రశ్నలు వినమని అడుగుతూ ఈ లేఖ రాస్తున్నాం. ఇందులోని విషయాలనే ఇంతకుముందు మా జిల్లాలో సంబంధిత కార్యాలయానికి వినతిపత్రంగా ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసిన కాగితం మా దగ్గర ఉంది గాని, సమాధానం మాత్రం రాలేదు. ఆసుపత్రుల్లో అడిగితే అది తమ చేతిలో లేదన్నారు. అందుకే అందరి ముందూ చెప్పుకోవలసి వస్తోంది. మా పిల్లలు ఈరోజు బతికి బడికి వెళ్తున్నారంటే అది మీ చలవే. ఆ సంగతి మరిచిపోయి రాస్తున్న లేఖ కాదు ఇది.

ముందుగా ఈ జబ్బు గురించి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. టైప్ 1 డయాబెటిస్ పెద్దవాళ్లలో తరచుగా కనిపించే షుగరు జబ్బు కాదు. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేయడం వల్ల వస్తుంది. తీపి ఎక్కువ తినడం వల్ల గాని, తల్లి పెంపకంలోని లోపం వల్ల గాని రాదు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. ఇప్పటికీ ఇన్సులిన్ ఆగిపోతే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) పేరుకుపోయి కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి ఇంకా ముందే, ప్రాణం మీదికి వస్తుంది. మోతాదు ఎక్కువైతే షుగరు పడిపోయి పిల్లలు స్పృహ తప్పుతారు, ఫిట్స్ వస్తాయి. పొద్దున ఇడ్లీ తిన్న రోజు ఎంత, ఆటల పీరియడ్ ఉన్న రోజు ఎంత, జ్వరం వచ్చిన రోజు ఎంత అని ఆలోచించి రోజుకు నాలుగైదు సార్లు ఇన్సులిన్ ఇవ్వాలి.

ఆ ఆలోచన చేసేది ఎవరు? మూడు నెలలకొకసారి మేము మీ దగ్గరికి వస్తాం. మూడు నెలలంటే దాదాపు 2,160 గంటలు. అందులో మీ ఎదుట కూర్చునేది మహా అయితే పావుగంట. మిగిలిన కాలమంతా మోతాదు నిర్ణయించేది తల్లో, తండ్రో, నాయనమ్మో, కాస్త పెద్దయ్యాక ఆ పిల్లలే. రోగి తన వైద్యంలో పాలుపంచుకోవాలా అని ఇతర జబ్బుల విషయంలో వాదించుకోవచ్చునేమో గాని, మా విషయంలో ఆ వాదనకు చోటు లేదు. డిశ్చార్జి చేసిన రోజునే మీరు మా చేతికి సిరంజి ఇచ్చి ఇంటికి పంపారు. ఆ సిరంజిని తెలిసి వాడేలా మాకు సాయపడండి అన్నదే మా విన్నపం.

రాత్రి రెండు గంటలకు గ్లూకోమీటరు 58 చూపించినప్పుడు మా ఊళ్లో అడగడానికి ఎవరూ ఉండరు. ఫోన్ తీస్తాం. షుగరు 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు లేదా చక్కెర ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలని, వాంతులతో పిల్లలు ఏమీ తినని రోజున కూడా రోజంతా నెమ్మదిగా పనిచేసే బేసల్ ఇన్సులిన్‌ను పూర్తిగా ఆపకూడదని, షుగరు బాగా పెరిగి వాంతులు అవుతుంటే కీటోన్లు పరీక్షించాలని మాలో చాలామందికి డిశ్చార్జి కాగితం చెప్పలేదు. అంతర్జాతీయ వైద్య సంఘాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచిన మార్గదర్శకాలు చెప్పాయి. 2022లో మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) టైప్ 1 కోసం ప్రత్యేకంగా విడుదల చేసిన మార్గదర్శకాలు చెప్పాయి. అదే జబ్బుతో పదేళ్లుగా పిల్లల్ని పెంచుతున్న వేరే ఊరి తల్లులు వాట్సాప్‌లో చెప్పారు.

ఇవన్నీ చదివి, కాగితం మీద ప్రశ్నలు రాసుకుని మీ దగ్గరికి వస్తే మాలో చాలామందికి ఎదురైన మాట ఒకటే: ‘గూగుల్ చూసి వచ్చారా? అయితే గూగుల్‌తోనే వైద్యం చేయించుకోండి.’ అందరు డాక్టర్లూ ఇలా అంటారని మేము చెప్పడం లేదు. మా ఫోన్ తీసుకుని, ఒంటికి అంటించుకుంటే షుగరును ఆగకుండా కొలిచే సెన్సార్ గీసిన గ్రాఫును వేలితో జరుపుతూ, తెల్లవారుజామున షుగరు ఎందుకు పెరుగుతోందో ఓపికగా చెప్పిన వారున్నారు. ఒక్క పూటలో వందమందిని చూడవలసిన ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో డాక్టరుకు ఊపిరి సలపదని కూడా మాకు తెలుసు. అయినా విసుగుతో అన్న ఒక్క మాట వల్ల ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందో మీకు తెలియాలి. అది కింద వరుసగా చెబుతాం.

ఈ జబ్బు చరిత్రలో రోగులు చొరవ తీసుకోవడం కొత్త కాదు. 1969లో అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు, టైప్ 1 రోగి, రక్తంలో గ్లూకోజును కొలిచే యంత్రం గురించి ఒక ప్రకటనలో చూశారు. దాదాపు కిలోన్నర బరువుండే ఆ యంత్రాన్ని డాక్టర్లకు తప్ప అమ్మబోమన్నారు. ఆయన భార్య డాక్టరు కావడంతో ఆమె పేరు మీద కొన్నారు. రోజుకు పలుసార్లు కొలుచుకుంటూ మోతాదును, తిండిని సరిచేసుకుని, తాను నేర్చుకున్నది రాసి వైద్య పత్రికలకు పంపితే అవి వేసుకోలేదు. ఆయన నలభై దాటాక వైద్య కళాశాలలో చేరి డాక్టరయ్యారు. ఆ తర్వాత 1,441 మంది టైప్ 1 రోగులతో జరిగిన డీసీసీటీ (డయాబెటిస్ కంట్రోల్ అండ్ కాంప్లికేషన్స్ ట్రయల్) అధ్యయనం 1993లో వెలువడింది. షుగరును తరచుగా కొలుచుకుంటూ గట్టిగా అదుపులో ఉంచుకున్నవారిలో కంటి రెటీనా దెబ్బతినే ముప్పు 76 శాతం దాకా తగ్గినట్టు అది తేల్చింది. రోగి ఇంట్లో గ్లూకోమీటరు ఉంచుకోవడాన్ని ఈరోజు ఏ డాక్టరూ తప్పుపట్టరు. ఉంచుకోకపోతేనే మందలిస్తారు.

2013లో న్యూయార్క్ రాష్ట్రంలో జాన్ కాస్టిక్ అనే తండ్రి, నాలుగేళ్ల కొడుకు ఒంటిమీది సెన్సార్ రీడింగులను ఆఫీసులో ఉండి ఇంటర్నెట్ ద్వారా చూసే ఏర్పాటు చేసుకున్నారు. దాన్ని మిగతా తల్లిదండ్రులతో పంచుకోగా నైట్‌స్కౌట్ అనే ఉచిత వ్యవస్థ పుట్టింది. రోగులే రాసుకున్న ప్రోగ్రాములు క్రమంగా సెన్సార్ రీడింగును బట్టి, ఒంటికి తగిలించుకునే పంపు ద్వారా ఇన్సులిన్‌ను సర్దుబాటు చేసే స్థాయికి వచ్చాయి. న్యూజీలాండ్‌లో 97 మందిపై జరిపి 2022లో ఫలితాలు ప్రచురించిన క్లినికల్ ట్రయల్‌లో అలాంటి వ్యవస్థ వాడినవారి షుగరు 70 నుంచి 180 మధ్య ఉండే సమయం, వాడనివారితో పోలిస్తే 14 శాతం పాయింట్లు ఎక్కువని తేలింది. మాలో ఎక్కువమందికి పంపు కొనే స్తోమత లేదు, 14 రోజులకొక సెన్సార్ మార్చే శక్తీ లేదు. నోటు పుస్తకంలో రాసుకున్న స్ట్రిప్పు రీడింగులే మా సమాచారం. దాన్ని ఫొటో తీసి పంపితే చూడమని మాత్రమే అడుగుతున్నాం.

ఇప్పుడున్న పరిస్థితి వల్ల సామాన్య కుటుంబాలకు కలుగుతున్న నష్టాలు ఇవి.

1. చదివిన సంగతి దాచిపెడుతున్నారు. ఒకసారి మందలింపు తిన్న తల్లి ఆ తర్వాత ఇంటర్నెట్ చూడడం మానదు, మీకు చెప్పడం మానేస్తుంది. గ్రూపులో ఎవరో చెప్పినట్టు మోతాదు రెండు యూనిట్లు తగ్గించి, మీ దగ్గర మాత్రం మీరు రాసినట్టే ఇస్తున్నామంటుంది. ఆ మాట నమ్మి మీరు రాసే తర్వాతి మోతాదు తప్పు లెక్క మీద నిలబడుతుంది. రీడింగుల పుస్తకంలో మీకు నచ్చే అంకెలు రాసి తెచ్చే పిల్లలు కూడా ఉన్నారు. ఇది అబద్ధాల వల్ల వచ్చిన సమస్యగా కాక, భయం వల్ల వచ్చిన సమస్యగా చూడమని కోరుతున్నాం.

2. రికార్డులు చేతికి రావడం లేదు. భారత వైద్య మండలి 2002లో జారీచేసిన వృత్తి నియమావళి ప్రకారం రోగి గాని, అధీకృత సహాయకుడు గాని అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ల రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోని 17 హక్కుల్లో కూడా ఇది ఉంది. అయినా బిల్లుల కట్ట, రెండు వాక్యాల డిశ్చార్జి సమ్మరీ తప్ప మరేమీ లేకుండా ఇల్లు చేరినవాళ్లం మాలో ఉన్నాం. నెల తిరక్కుండా పిల్లాడికి మళ్లీ కీటోన్లు పెరిగి అర్ధరాత్రి వేరే పట్టణంలో చేర్చవలసి వస్తే, ఏ ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు ఇస్తున్నారో, పోయినసారి పొటాషియం ఎంత పడిపోయిందో అక్కడి డ్యూటీ డాక్టరుకు చెప్పే కాగితం ఉండదు. పరీక్షలన్నీ మొదటినుంచీ చేయిస్తారు. ఆ ఖర్చు కుటుంబానిది, ఆలస్యం పిల్లాడిది. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైనప్పుడు మాకు ఆశ కలిగింది. ఆరోగ్య రికార్డులను ఒకచోట కలిపే 14 అంకెల ఆభా నంబరు తీసుకున్నాం. ఓపీ చీటీ కోసం ఆ నంబరు అడుగుతున్నారు గాని, యాప్ తెరిచి చూస్తే మా పిల్లల రిపోర్టులు అందులో కనిపించడం లేదు.

3. దొంగ వైద్యుల చేతికి చిక్కుతున్నారు. ఇంటర్నెట్ చూసే తల్లిదండ్రుల గురించి మీకున్న భయాల్లో పూర్తిగా నిజమైనది ఇదే. ‘ఇన్సులిన్ లేకుండా పిల్లల షుగరు నయం’ అనే వీడియోలు తెలుగులో అడుగడుగునా కనిపిస్తాయి. పొడులు, కషాయాలు కొరియర్‌లో ఇంటికి వస్తాయి. జబ్బు బయటపడిన కొత్తలో, ఇన్సులిన్ మొదలుపెట్టాక మిగిలిన బీటా కణాలు కొంతకాలం కాస్త కోలుకుని మోతాదు దానంతట అదే తగ్గుతుంది. డాక్టర్లు హనీమూన్ దశ అనేది దీన్నే. సరిగ్గా ఆ నెలల్లో కషాయం మొదలుపెట్టిన తండ్రికి అది కషాయం మహిమగా కనిపిస్తుంది. ఇన్సులిన్ పూర్తిగా ఆపేస్తాడు. తర్వాత పిల్ల కడుపునొప్పి, ఆయాసంతో ఐసీయూకి చేరుతుంది. ఇలా చేరిన పిల్లలు మా ఎరుకలోనే ఉన్నారు. డయాబెటిస్‌ను నయం చేస్తామని ప్రకటించడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఆ ప్రకటనలు మాత్రం ఆగలేదు. హనీమూన్ దశ గురించి మొదటి రోజునే అయిదు నిమిషాలు చెప్పి ఉంటే ఆ తండ్రి మోసపోయేవాడు కాదు. మీరు చెప్పకుండా వదిలిన చోటులోకే వాళ్లు వస్తున్నారు.

4. మన భాషలో నమ్మదగిన సమాచారం లేక ప్రాణాపాయకరమైన పొరపాట్లు జరుగుతున్నాయి. ఇంగ్లిష్ వీడియోల్లో కనిపించే ఇన్సులిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది. మన దగ్గర వయల్స్ (ఇన్సులిన్ సీసాలు) చాలావరకు 40 యూనిట్లవి, పెన్నుల్లోది 100 యూనిట్లది. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత ఉండే 40 యూనిట్ల సిరంజితో, అదే గీత దాకా తీస్తే పిల్లలకు రెండున్నర రెట్లు మందు ఎక్కుతుంది. బ్రిటన్, కెనడా వారి పేజీల్లో షుగరును వేరే కొలతలో రాస్తారు. వాళ్ల 10 మన 180. ఈ తేడా తెలియక కంగారు పడినవాళ్లూ, ధీమాగా ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. ఇక తిండి సంగతి. ఆ పేజీలు బ్రెడ్డు ముక్కల్లో, పాస్తా కప్పుల్లో లెక్క చెబుతాయి. మా పిల్లలు తినేది గరిటెడు అన్నం, పెసరట్టు, రాగి సంగటి, బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల్లో ఏ పోషకం ఎంతో కొలిచి పట్టికలు ప్రచురించింది. తెలుగు నేల మీద తయారైన ఆ లెక్క వండిన వంటకాల రూపంలో, తెలుగులో, ఒక తల్లి ఫోన్‌లో చదువుకునేట్టుగా మా దాకా రాలేదు.

5. ఒక్క యూనిట్ మార్పు కోసం ఒక రోజు కూలి పోతోంది. ఆదిలాబాద్ పల్లెనుంచి హైదరాబాద్‌కు, శ్రీకాకుళం పల్లెనుంచి విశాఖకు వచ్చి, వరుసలో నిలబడి, ‘రాత్రి మోతాదు ఒకటి పెంచండి’ అన్న మాట విని తిరిగి వెళ్లడానికి ఇద్దరి ప్రయాణ ఖర్చు, ఒకరి కూలి, పిల్లాడి బడి పోతాయి. అందుకని మూడు నెలలకు రావలసినవాళ్లు ఏడాదికి వస్తారు. ఈ ప్రయాణాలు చాలావరకు అవసరం లేదు. 2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వీడియో, ఫోన్‌తో పాటు వాట్సాప్ వంటి సందేశాల ద్వారా కూడా సలహా ఇవ్వడానికి అనుమతించాయి. నేరుగా చూసి ఆరు నెలలు దాటని రోగికి అదే జబ్బు విషయంలో తదుపరి సలహా ఇవ్వవచ్చునన్నాయి. డాక్టరు దానికి ఫీజు తీసుకోవచ్చునని కూడా చెప్పాయి. ‘ఫోన్‌లో సలహా ఇవ్వడం చట్టవిరుద్ధం’ అని మాకు ఆసుపత్రి కౌంటర్లలో చెబుతున్న మాట నిజం కాదు.

మా డిమాండ్లు ఇవి.

1. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ 72 గంటల నియమాన్ని రిసెప్షన్ దగ్గర తెలుగులో రాసి పెట్టాలి. రికార్డు ఇవ్వకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలో కూడా అక్కడే రాయాలి. టైప్ 1 పిల్లల డిశ్చార్జి సమ్మరీలో ఇన్సులిన్ పేరు, బలం, ప్రతి పూట మోతాదు, షుగరు పడిపోతే ఏం చేయాలి, జ్వరం వాంతుల రోజున ఏం చేయాలి అన్నవి తప్పనిసరిగా ఉండాలి. ఆ కాగితాన్ని పీడీఎఫ్‌గా తల్లిదండ్రుల ఫోన్‌కు పంపాలి, ఆభా నంబరుకు జతచేయాలి.

2. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి కనీసం రెండు గంటలు టైప్ 1 పిల్లల రీడింగులను ఫోన్ ద్వారా చూసి జవాబిచ్చే ఏర్పాటు ఉండాలి. ప్రతి సందేశాన్నీ డాక్టరే చూడనక్కర్లేదు. శిక్షణ పొందిన నర్సు చూసి, అవసరమైనవి డాక్టరుకు చేర్చవచ్చు. దీన్ని డాక్టర్ల సొంత సమయంలోనుంచి లాక్కోకూడదు, పని గంటల్లో భాగంగా లెక్కించాలి. ప్రైవేటు వైద్యులు న్యాయమైన ఫీజు ముందుగా ప్రకటించి తీసుకుంటే మాకు అభ్యంతరం లేదు.

3. జాతీయ పోషకాహార సంస్థ సహకారంతో మన వంటకాల కార్బోహైడ్రేట్ పట్టికను, సిరంజిల తేడాను, జ్వరం రోజుల జాగ్రత్తలను తెలుగులో, బొమ్మలతో, డాక్టర్ల సంతకంతో రెండు శాఖల వెబ్‌సైట్లలో ఉంచాలి. చదవలేని నాయనమ్మల కోసం చిన్న వీడియోలు చేయాలి. విడుదలకు ముందు వాటిని కొందరు తల్లులకు చూపించి, అర్థమయ్యాయో లేదో అడగాలి.

4. ఇన్సులిన్ ఆపమని చెప్పే ప్రకటనల మీద 1954 చట్టం కింద కేసులు పెట్టాలి. అలాంటి వీడియో లింకును పౌరులు పంపడానికి ఒక వాట్సాప్ నంబరు ప్రకటించాలి, పంపిన ఫిర్యాదు ఏమైందో తెలియజేయాలి.

5. ప్రశ్నలు రాసుకుని వచ్చిన రోగిని అవమానించడం వృత్తి మర్యాదకు తగదని వైద్య మండళ్లు తమ సభ్యులకు సర్క్యులర్ పంపాలి. చదివినది తప్పయితే అది ఎందుకు తప్పో ఒక్క వాక్యంలో చెప్పండి. నమ్మదగిన పేజీ ఏదో చీటీ వెనక రాసివ్వండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, రేపటి ఓపీనుంచే మొదలుపెట్టవచ్చు.

6. బడిలో షుగరు చూసుకోవడానికి, ఇన్సులిన్ తీసుకోవడానికి, మధ్యలో ఏదైనా తినడానికి అనుమతించాలని 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రాలకు రాసింది. సెన్సార్ రీడింగు చూసే ఫోన్ కూడా ఇందులో భాగమేనని విద్యాశాఖతో కలిసి ఉత్తర్వు ఇవ్వాలి.

ఈ ఏర్పాట్లను రూపొందించే కమిటీలో టైప్ 1 పిల్లల తల్లిదండ్రులను ఇద్దరినైనా, ఈ జబ్బుతో పెరిగి పెద్దయిన యువతను ఇద్దరినైనా సభ్యులుగా తీసుకోవాలి. మా వైపునుంచి మేము చేయగలిగింది చేస్తాం. గ్రూపుల్లో పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లు కనిపించే రిపోర్టులు పెట్టకుండా చూసుకుంటాం, మోతాదు మార్పులను మీకు చెప్పకుండా చేయవద్దని కొత్తగా చేరే ప్రతి కుటుంబానికీ చెబుతాం, మీరిచ్చే తెలుగు సమాచారాన్ని ఊరూరికీ చేరుస్తాం. పై డిమాండ్లలో ఏది ఎప్పటిలోగా అమలవుతుందో, ఏది సాధ్యం కాదో, ఎందుకు కాదో రెండు రాష్ట్రాల శాఖలూ నెల రోజుల్లోగా లిఖితపూర్వకంగా, అందరికీ తెలిసేలా ప్రకటించాలని కోరుతున్నాం.

భవదీయులు,
టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు